వరంగల్ కమిషనరేట్ ఏరియాల పోలీసు సాయం, జాగ్రత్తలు: మనోళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మాది హన్మకొండ. కాలనీ కమిటీల ఉన్న కాబట్టి పోలీసోళ్లు పెట్టే అవగాహన మీటింగులకు కొన్నేండ్ల సంది పోతున్న. మీటింగ్ల అందరు సప్పుడు చేయకుండ కూసుంటరు, అయిపోయినంక గేటు కాడ నన్ను నిలబెట్టి అడుగుతరు, రాత్రి వాట్సాప్ల మళ్లీ అవే ప్రశ్నలు వస్తయి. అందుకే అన్నీ ఒక్క కాడ రాసిపెడుతున్న. ఇది డిపార్ట్‌మెంటు పెట్టింది కాదు, కాలనీ మనిషిగ నాకు తెలిసింది రాసిన. మీకు కావాల్సిన ప్రశ్న కాడికి సీదా పోండి, పైకెళ్లి మొత్తం చదవాల్సిన పని లేదు.

## ఏం కాకముందే తెలిసి ఉండాల్సినయి

మా ఊరు వరంగల్ కమిషనరేట్ కిందికే వస్తదా? ములుగు, మానుకోట (మహబూబాబాద్) గూడ ఇదేనా?

వరంగల్ పోలీస్ కమిషనరేట్ 2015ల అయింది. ఇప్పుడు హన్మకొండ, వరంగల్, జనగామ జిల్లాలు దీని కింద ఉన్నయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్‌లకు వాళ్ల ఎస్పీలు వేరే ఉన్నరు. రైల్ల గానీ కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫారం మీద గానీ ఏమన్న పోతే అది రైల్వే పోలీసుల పని, 139కి చేయాలె. ఆపదల ఉన్నప్పుడు మాత్రం ఇదంతా మీరు ఆలోచించొద్దు, 100 కొడితే ఎవరికి చెప్పాల్నో వాళ్లే చూసుకుంటరు.

వాట్సాప్ల 'పోలీస్ హెచ్చరిక' అని వస్తుంటయి, నమ్మాల్నా?

కమిషనరేట్‌కు ఫేస్‌బుక్, ఎక్స్‌ల సొంత పేజీలున్నయి, అండ్ల ఉందా లేదా చూడండి. తేదీ లేకుండ, ఏ స్టేషనో లేకుండ, 'వెంటనే పది మందికి పంపండి' అని ఉన్న మెసేజ్ మీద అనుమానం పెట్టుకోండి. పిల్లలను ఎత్తుకపోయేటోళ్లు వచ్చిన్రని 2018ల ఇట్లనే ఫార్వర్డులు తిరిగితే దేశంల చాన కాడ పాపం తెలియని మనుషులను కొట్టి చంపిన్రు. మన దగ్గర గూడ బొంతలు అమ్మేటోళ్లను, బిచ్చమడుక్కునేటోళ్లను పట్టుకొని కొడుతమని లేస్తరు. అనుమానముంటే 100కి చెప్పండి, చెయ్యి మాత్రం లేపొద్దు.

పేపర్ల 'నిందితుడు' అని రాస్తరు కద, అంటే తప్పు చేసినోడనే కద?

కాదు. నిందితుడంటే ఆరోపణ ఉన్నోడు, కోర్టు తేల్చినంకనే దోషి. ప్రెస్ మీట్ల మొఖాలకు గుడ్డ కట్టి నిలబెట్టిన ఫొటో చూసి మనం గ్రూపుల తీర్పు చెప్పుడు తప్పు. ఇంకొకటి, 18 ఏండ్ల లోపు పిల్లలు కేసుల ఉంటే, బాధితులైనా సరే తప్పు చేసినోళ్లైనా సరే, పేరు, ఫొటో, బడి పేరు ఏదీ బయట పెట్టొద్దని చట్టంలనే ఉంది. లైంగిక దాడి జరిగిన ఆడమనిషి పేరు గూడ అంతే. 'పాపం ఈ పాపకు న్యాయం జరగాలె' అని ఫొటో పెట్టినా నేరమే. మా గ్రూపుల ఇట్ల ఒకరు పెడితే నేనే ఫోన్ చేసి తీయించిన, మంచి మనసుతోనే పెట్టిన్రు గానీ ఆ పిల్ల రేపు బడికి ఎట్ల పోతది?

సంక్రాంతికి ఊరికి పోతున్నం, తాళం వేసిన ఇంటి గురించి స్టేషన్ల చెప్పాల్నా?

చెప్పండి. రాత్రి గస్తీ తిరిగే బ్లూకోల్ట్స్ పోలీసులు మీ గల్లీ మీద ఓ కన్నేసి పెడుతరు. అంతకంటే ముందు పక్కింటోళ్లకు చెప్పుడు ముఖ్యం. తలుపుకు తాళం బయటికి వేలాడకుండ చూస్కోండి, పాల ప్యాకెట్, పేపర్ బంద్ చేయించండి, బంగారం బ్యాంకు లాకర్ల పెట్టండి. 'ఫ్యామిలీతో అరకు టూర్' అని స్టేటస్ మాత్రం తిరిగొచ్చినంకనే పెట్టండి.

సీసీ కెమెరాలు పెట్టుడు మా ఇష్టమేనా, కంపల్సరీనా?

ఇండ్లకు ఇష్టమే. దుకాణాలు, ఫంక్షన్ హాళ్లు, దవాఖానలు, బడులు ఇట్ల ఒక్కసారి వంద మంది గానీ అంతకెక్కువ గానీ వచ్చిపోయే జాగలకు మాత్రం 2013ల వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం పెట్టాల్సిందే, రికార్డింగు గూడ 30 రోజులు దాచాలె. కాలనీల చందాలేసుకొని పెట్టుకుంటే మంచిదే, గానీ పెట్టిన ఆర్నెల్లకు నాలుగు పనిచేయయి, హార్డ్ డిస్కు నిండిపోయి ఉంటది, ఎవరూ చూడరు. నెలకోసారి చూసే మనిషిని ఒకరిని పెట్టుకోండి.

పొద్దుగాల ఐదింటికి కార్డన్ సర్చ్ అని వచ్చిన్రు, బండి కాగితాలు ఇంట్ల లేకుంటే గుంజుకపోతరా?

ఫోన్ల డిజీలాకర్ గానీ ఎంపరివాహన్ గానీ ఉంటే అండ్ల చూపెట్టిన ఆర్సీ, లైసెన్సు చెల్లుతయి, జిరాక్సులు అక్కర లేదు. కాగితాలు అసలే లేని బండ్లను తీస్కపోతరు, తెచ్చి చూపెడితే ఇస్తరు. కిరాయికి ఉన్నోళ్లు ఆధార్, కిరాయి అగ్రిమెంటు దగ్గర పెట్టుకుంటే సరిపోతది.

మా పిల్లగాడు ఇంటర్, ట్యూషన్‌కు బండి ఇస్తే ఏమైతది?

18 నిండకుండ బండి నడిపి దొరికితే కేసు తండ్రి మీద, బండి ఎవరి పేరు మీదుంటే వాళ్ల మీద అయితది. 25 వేల జరిమానా, 3 ఏండ్ల దాక జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లగాడికి 25 ఏండ్లొచ్చేదాక లైసెన్సు రాదు. నయీంనగర్ దిక్కు సాయంత్రం కోచింగులు వదిలినప్పుడు ముగ్గురు ముగ్గురు ఎక్కి పోతుంటే నాకు గుండె ఆగినట్టయితది. సైకిల్ కొనియ్యండి, లేకుంటే ఆటో మాట్లాడండి.

పెండ్లికి పోయి రెండు పెగ్గులే తాగిన, డ్రంక్ అండ్ డ్రైవ్ల దొరుకుతనా?

100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మనిషిని బట్టి ఒకటికే దాటొచ్చు. మొదటిసారి 10 వేల దాక జరిమానా గానీ 6 నెలల దాక జైలు గానీ రెండూ గానీ, రెండోసారి 15 వేలు, 2 ఏండ్ల దాక. కోర్టుకు పోవాల్సిందే. తాగినోళ్లు బండి తాళాలు తాగనోళ్ల చేతుల పెట్టండి, అంతే.

## జరుగుతున్నప్పుడు

100కి చేయాల్నా 112కి చేయాల్నా? చేస్తే నా పేరు బయటికి వస్తదా?

రెండిట్ల ఏది కొట్టినా పోతది. అంబులెన్సుకు 108, మంటలకు 101, ఆడోళ్లకు 181, పిల్లలకు 1098, పెద్దమనుషులకు 14567. ఫోన్ ఎత్తంగనే మన కథంతా మొదలుపెట్టొద్దు, ముందు ఎక్కడున్నరో చెప్పండి, గుడి, బంకు, స్కూలు, చౌరస్తా ఏదన్న గుర్తు చెప్పండి, తర్వాత ఏమైతుందో చెప్పండి. పక్కింట్ల మొగడు పెండ్లాన్ని కొడుతుంటే 'వాళ్లింటి గొడవ మనకెందుకు' అని చాన మంది చేయరు. చేయండి. పేరు చెప్పడం ఇష్టం లేదంటే ఆ మాటనే చెప్పండి, బండి పంపుతరు.

రోడ్డు మీద యాక్సిడెంట్ అయి మనిషి పడి ఉన్నడు, దవాఖానకు తీస్కపోతే నన్ను కేసుల ఇరికిస్తరా?

ఇరికియ్యరు. మోటారు వాహనాల చట్టంల 134ఎ అని ఉంది, మంచి మనసుతోని సాయం చేసినోళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు, పేరు చెప్పాల్నా వద్దా గూడ మీ ఇష్టం. 2025 మే నుంచి ఇంకో పథకం వచ్చింది, రోడ్డు ప్రమాదంల దెబ్బలు తగిలినోళ్లకు 7 రోజుల దాక, లక్షన్నర రూపాయల దాక పథకంల ఉన్న దవాఖానల్ల పైసలు కట్టకుండ వైద్యం చేయాలె. కాబట్టి 'బిల్లు ఎవరు కడుతరు' అని గూడ ఆగొద్దు. హైదరాబాద్ హైవే మీద పడిపోయినోళ్ల చుట్టు జనం మూగి వీడియోలు తీసుడు నేను కండ్లార చూసిన, ఒక్కరన్న 108 కొట్టిన్రా అని అడిగితే అందరు ఒకరి మొఖం ఒకరు చూసిన్రు. ఎవరో చేసి ఉంటరనుకోవద్దు, మీరే చేయండి.

వీడియో కాల్ల పోలీస్ డ్రెస్సుల ఉన్నాయన నీ పేరు మీద పార్సిల్ల డ్రగ్స్ దొరికినయి, డిజిటల్ అరెస్ట్ అంటున్నడు, ఏం చేయాలె?

కట్ చేయండి. మన దేశ చట్టంల డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఏ పోలీసు, ఏ సీబీఐ, ఏ జడ్జీ వీడియో కాల్ల అరెస్టు చేయడు, 'వెరిఫికేషన్ కోసం పైసలు ఈ అకౌంట్‌కు కొట్టు' అనడు. వాళ్లు చేసే మొదటి పని మనల్ని ఒంటరిని చేసుడు: తలుపు పెట్టుకో, ఇంట్ల ఎవరికీ చెప్పకు, కెమెరా బంద్ చేయకు అంటరు. అందుకే మందు గూడ అండ్లనే ఉంది, గదిల కెళ్లి బయటికొచ్చి గట్టిగ ఎవరినన్న పిలవండి. ఎక్కువ రిటైర్ అయిన సార్లు, టీచరమ్మలు, బయటి దేశాల పిల్లలున్న తల్లిదండ్రులు దొరుకుతున్నరు. వాళ్లకు చదువు రాక కాదు, బతుకంత ఒక్క పోలీసు కేసు లేకుండ గడిపినోళ్లు కాబట్టే భయపడుతరు. ఈ రాత్రే మీ ఇంట్ల పెద్దోళ్లకు చెప్పండి.

బస్టాండ్ కాడ ఒకడు రోజు నా వెంట పడుతున్నడు, ఇంట్ల చెప్తే కాలేజీ బంద్ చేయిస్తరని భయం, ఎట్ల?

షీ టీమ్స్‌కు చెప్పమ్మా. ఆడపిల్లల వెంట పడేటోళ్లను పట్టుకునే పోలీసు టీములు ఇవి, 2014 అక్టోబర్ల హైదరాబాద్ల మొదలై తర్వాత రాష్ట్రమంతా వచ్చినయి, వరంగల్ల గూడ ఉన్నయి. డ్రెస్సు లేకుండ మామూలు బట్టల్ల వచ్చి ఆ జాగల నిలబడి, వాడు చేసేది వీడియో తీసి పట్టుకుంటరు. నీ పేరు బయట పెట్టరు. వాడి వయసు, చేసిన పనిని బట్టి తల్లిదండ్రులను పిలిచి కౌన్సెలింగ్ గానీ కేసు గానీ అయితది. మెసేజులు, ఫొటోలు డిలీట్ చేయకు, స్క్రీన్‌షాట్లు పెట్టుకో. ఇంకా పెద్దది ఏమన్న జరిగి ఉంటే హన్మకొండల భరోసా సెంటర్ ఉంది, అండ్ల పోలీసు సాయం, వైద్యం, లాయర్ సలహా, కౌన్సెలింగ్ ఒక్క కాడనే దొరుకుతయి, పది జాగల తిరిగి పదిసార్లు అదే బాధ చెప్పుకునే పని ఉండదు. తల్లిదండ్రులు ఇది చదువుతుంటే ఒక్కమాట, బిడ్డ చదువు బంద్ చేస్తే శిక్ష ఎవరికి పడ్డట్టు?

## పైసలు పోయినయి, ఫోన్ పోయింది

అకౌంట్ల కెళ్లి పైసలు కొట్టేసిన్రు, ముందు బ్యాంకుకు పోవాల్నా స్టేషన్‌కు పోవాల్నా?

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఉన్న జాగ నుంచే. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. మన అకౌంట్ల కెళ్లి పోయిన పైసలు సీదా దొంగ జేబుల పడయి. ముందు ఎవరో కిరాయికి ఇచ్చిన అకౌంట్ల పడి, అక్కడికెళ్లి నాలుగైదు అకౌంట్లకు చీలి, తర్వాత ఏటీఎంల గానీ క్రిప్టోల గానీ మాయమైతయి. 1930ల ఫిర్యాదు ఎక్కంగనే ఆ బ్యాంకులకు సమాచారం పోయి, అప్పటికి ఎక్కడ దాక పోయినయో అక్కడ ఆపుతరు. గంటల చేస్తే ఆగే అవకాశం ఎక్కువ, రెండు రోజులకు చేస్తే ఆపనీకె అక్కడేం ఉండదు. ఫోన్ చేసేటప్పుడు బ్యాంకు పేరు, అకౌంట్ నంబర్, ఎంత పోయింది, ఏ టైంకు, మెసేజ్ల ఉన్న ట్రాన్సాక్షన్ నంబర్ దగ్గర పెట్టుకోండి. లైన్ దొరకకుంటే సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ల నింపండి. తర్వాత బ్యాంకు, తర్వాత స్టేషన్.

మా గల్లీల ఒక పెద్దసారు, రిటైరైన మనిషి, కరెంటు బిల్లు పేరుతోని వచ్చిన లింకు నొక్కి పైసలు పోగొట్టుకున్నడు. 'నేను ఇంత చదువుకొని ఇట్ల మోసపోయిన్నా' అని సిగ్గుపడి రెండు రోజులు ఇంట్ల గూడ చెప్పలేదు, అన్నం సరిగ తినలేదు. మూడో రోజు కొడుకుకు తెలిసి 1930 చేస్తే అప్పటికే అంతా తీసుకున్నరు. పైసలకంటే ఆ రెండు రోజుల ఆయన మొఖం నాకు ఇప్పటికీ యాదికొస్తది. సిగ్గు మోసం చేసినోడికి ఉండాలె, మీకెందుకు? ముందు ఫోన్ చేయండి.

చలానా అని, పెండ్లి కార్డు అని ఒక ఫైల్ వచ్చింది, నొక్కిన, ఇప్పుడెట్ల?

ఫైల్ పేరు చివర 'ఏపీకే' అని ఉంటే అది ఫొటో కాదు, కార్డు కాదు, మీ ఫోన్‌ను వాళ్ల చేతికిచ్చే యాప్. ఇన్‌స్టాల్ అయి ఉంటే వెంటనే డేటా, వైఫై బంద్ చేసి, వేరే ఫోన్‌తోని బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. తర్వాత ఆ యాప్ తీసేసి, అవసరమైతే ఫోన్ మొత్తం రీసెట్ కొట్టియ్యండి. మీ వాట్సాప్ నుంచి అదే ఫైల్ మీ చుట్టాలకు పోయి ఉంటది, వాళ్లకు గూడ చెప్పండి.

ఆపిన పైసలు మళ్లీ మా చేతికి వస్తయా?

వస్తయి, కానీ వెంటనే రావు. బ్యాంకుల ఆగిన పైసలు ఎక్కువ కేసులల్ల కోర్టు ఆర్డరుతోని తిరిగొస్తయి, మన రాష్ట్రంల లోక్ అదాలత్‌ల ద్వారా చాన మందికి ఇప్పించిన్రు. సైబర్ క్రైమ్ ఫిర్యాదు నంబర్, ఎఫ్ఐఆర్ కాపీ జాగ్రత్తగ పెట్టుకోండి. 'మీ పైసలు రికవరీ చేసి పెడుతం, ఫీజు పదివేలు' అని ఫోన్ వస్తే అది రెండో దొంగ.

ఫోన్ పోయింది, దొరుకుతదా?

సీఈఐఆర్ అని కేంద్రం పోర్టల్ ఉంది, 2023 మే నుంచి దేశమంతా నడుస్తుంది, తెలంగాణల అంతకు ముందే మొదలైంది. ముందు సిమ్ బ్లాక్ చేయించండి, అదే నంబర్ మీద కొత్త సిమ్ తీసుకోండి, ఎందుకంటే ఓటీపీ దానికే వస్తది. తర్వాత పోర్టల్ల ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కు వేరుగ ఉండే గుర్తింపు నంబర్) పెట్టి బ్లాక్ కొట్టండి. ఎవడన్న ఆ ఫోన్ల వేరే సిమ్ వేస్తే పోలీసులకు తెలుస్తది. ఐఎంఈఐ బిల్లు మీద, డబ్బా మీద ఉంటది. డబ్బాలు పారేసే అలవాటుంటే ఇప్పుడే *#06# కొట్టి ఇంట్ల క్యాలెండర్ మీద రాసుకోండి. ఎక్కువ ఫోన్లు ఎక్కడ పోతయంటే ఆదివారం సంతల, బస్సు ఎక్కే తొక్కులాటల, గుడికాడ లైన్ల.

## స్టేషన్‌కు పోయినప్పుడు

మా లిమిట్స్ కాదు, వేరే స్టేషన్‌కు పో అన్నరు, నిజమేనా?

కేసు పెట్టాల్సిన నేరమైతే ఏ స్టేషన్ల అయినా తీసుకోవాల్సిందే. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటరు, 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసులు ఎట్ల నడపాల్నో చెప్పే) కొత్త చట్టంల 173 సెక్షన్ల ఉంది. వాళ్లు రాసుకొని అసలు స్టేషన్‌కు పంపుతరు. ఆన్‌లైన్ల గూడ ఇయ్యొచ్చు, కానీ 3 రోజుల లోపట పోయి సంతకం పెట్టాలె.

ఎఫ్ఐఆర్ కట్టకుండ రేపు రా మాపు రా అని తిప్పుతున్నరు, ఏం చేయాలె?

అదే విషయం కాగితం మీద రాసి కమిషనర్‌కు రిజిస్టర్ పోస్టుల పంపొచ్చు, అక్కడ గూడ కాకుంటే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. ఇవి చట్టంల ఉన్న దార్లు, ఎవరి కాళ్లు పట్టుకోవాల్సిన పని లేదు. ఒక సంగతి గుర్తుంచుకోండి, 3 ఏండ్ల నుంచి 7 ఏండ్ల లోపు శిక్ష పడే నేరాలల్ల డీఎస్పీ స్థాయి ఆఫీసర్ పర్మిషన్‌తోని 14 రోజుల దాక ముందు విచారణ చేసే వీలు కొత్త చట్టంల ఇచ్చిన్రు, దానికోసం ఆపి ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి. అడిగేటప్పుడు నాతోని గూడ జరిగింది, గొంతు లేపితే పని ఆగింది, రాసుకపోయిన కాగితం ఇచ్చి రసీదు అడిగితే పనైంది.

ఎఫ్ఐఆర్ కాపీకి పైసలు కట్టాల్నా?

ఒక్క రూపాయి లేదు. ఫిర్యాదు ఇచ్చినోళ్లకు, బాధితులకు ఫ్రీగ ఇయ్యాలె.

మా అమ్మను సాక్ష్యానికి స్టేషన్‌కు రమ్మన్నరు, ఆమెకు 62 ఏండ్లు, పోవాల్నా?

అక్కర లేదు. సాక్షిగ అడగాలంటే ఆడోళ్లను ఏ వయసైనా, 15 లోపు పిల్లలను, 60 దాటిన మొగోళ్లను, దివ్యాంగులను, బాగ జబ్బు చేసినోళ్లను ఇంటికాడనే అడగాలె. ఆమెకు ఇష్టమైతే పోవచ్చు, అది వేరు.

కేసు పెట్టి మూడు నెలలైతుంది, ఏం సప్పుడు లేదు, అడగొచ్చా?

అడగొచ్చు. ఫిర్యాదు ఇచ్చినోళ్లకు 90 రోజుల లోపట కేసు ఎక్కడిదాక వచ్చిందో చెప్పాలె అని చట్టంలనే ఉంది, ఫోన్ మెసేజ్ల చెప్పినా సరే.

## వానలు, జాతర, పండుగలు, పొలం

వాగు పొంగుతుంది, ట్రాక్టర్ దాటుతుంది కద, నా కారు దాటదా?

దాటకండి. 2023 జులై 27న భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి ఊరు మొత్తం వాగు నీళ్లల్ల మునిగింది, హెలికాప్టర్లు వచ్చి మనుషులను తీసినయి. 2025 అక్టోబర్ చివర్ల మొంథా తుఫానుకు హన్మకొండ, వరంగల్ కాలనీలల్ల ఇండ్లల్లకు నీళ్లొచ్చినయి. మోకాలు లోతు పారే నీళ్లు మనిషిని పడేస్తయి, ఇంకొంచెం ఎక్కువైతే కారు తేలుతది, తేలినంక బ్రేకు, స్టీరింగు ఏదీ పనిచేయదు. పైగ నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకపోయిందో కనపడదు. లో లెవల్ కల్వర్టు కాడ కానిస్టేబుల్ బారికేడ్ పెట్టి వానల తడుసుకుంట నిలబడితే మనోళ్లు ఆయనతోని లొల్లి పెట్టుకొని పక్కకెళ్లి పోతరు. ఆయన ఆపుతుంది మన కోసమే. రైల్వే అండర్ బ్రిడ్జి కాడ గూడ ఇదే సంగతి, బండి ఆగిపోతే బండి వదిలిపెట్టి రండి.

మేడారం జాతరకు సొంత కారుల పోతే ఏ తొవ్వ? పిల్లలు తప్పిపోతే?

సొంత బండ్లను మామూలుగ ములుగు, పస్రా, నార్లాపూర్ మీదికెళ్లి పంపుతరు, ఆర్టీసీ బస్సులు తాడ్వాయి దిక్కుకెళ్లి పోతయి, వచ్చేటప్పుడు భూపాలపల్లి, పరకాల మీదికెళ్లి మళ్లిస్తరు. వన్ వే కాబట్టి మ్యాపు చూపించిన తొవ్వ నడవదు, పోలీసు బోర్డు చూసి పోండి. మొన్నటిది 2026 జనవరి 28 నుంచి 31 దాక జరిగింది, రెండేండ్లకోసారి కాబట్టి మళ్లీ 2028లనే. గద్దెల కాడ జనంల ఫోన్లు కలవయి. అందుకే పిల్లల జేబుల ఊరి పేరు, ఇద్దరి ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టండి, ముసలోళ్లకు గూడ. బండి పెట్టిన పార్కింగ్ పేరు ఫొటో తీసుకోండి, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాల్నో బండి దిగంగనే అనుకోండి. జంపన్న వాగుల లోతుకు పోవద్దు.

గణేష్ మండపానికి పర్మిషన్ ఎందుకు, మా గల్లీలనే కద పెట్టేది?

పర్మిషన్ అంటే ఆపనీకె కాదు, ఎక్కడ ఎంత పెద్ద విగ్రహం ఉందో, ఏ రోజు ఏ చెరువుకు పోతదో తెలిస్తేనే క్రేన్లు, బందోబస్తు పెడుతరు. పోలీసుల పోర్టల్ల నింపాలె. కరెంటు కనెక్షన్ మాత్రం వైరు కొక్కెమేసి గుంజకండి, రాత్రి మండపంల పడుకునే పిల్లల ప్రాణం మీదికొస్తది. రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాక లౌడ్ స్పీకర్ బంద్ అనేది దేశమంతా ఉన్న రూలు.

చైనా మాంజా అమ్ముతున్నరు, ఎవరికి చెప్పాలె?

100కి, లేకుంటే మీ స్టేషన్‌కు. 2017ల గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతా బంద్ పెట్టింది. బండి మీద పోయేటోళ్ల గొంతులు తెగుతున్నయి. జనవరిల బండి మీద ముందట పిల్లలను నిలబెట్టుకోకండి, మెడకు మఫ్లర్ గానీ కండువ గానీ చుట్టుకోండి.

పత్తి విత్తనాలు సగం ధరకు ఇస్తమని ఊర్లెకు వచ్చిన్రు, కొంటే మాకేమన్న అయితదా?

మీ పంట పోతది, అదే పెద్ద శిక్ష. గడ్డిమందుకు తట్టుకుంటదని చెప్పి అమ్మే పత్తి విత్తనాలకు మన దేశంల అనుమతి లేదు, లూజ్ సంచులల్ల వచ్చేటియి ఎక్కడియో ఎవరికీ తెలియదు. లైసెన్సు దుకాణంలనే కొని, లాట్ నంబర్ ఉన్న బిల్లు తీసుకోండి, ఖాళీ ప్యాకెట్, పిడికెడు గింజలు పంట చేతికొచ్చేదాక దాచండి. మొలక రాకపోతే, కాత రాకపోతే అవే సాక్ష్యం. ఊర్లెకు వచ్చి అమ్మేటోళ్ల బండి నంబర్ రాసుకొని ఏఈఓకు (మీ ఊరి వ్యవసాయ శాఖ ఆఫీసర్‌కు), పోలీసులకు చెప్పండి. మీరు చెప్తే పక్క ఊరు బతుకుతది.

మా కొడుకు గంజాయికి అలవాటు పడ్డడనిపిస్తుంది, పోలీసులకు చెప్తే జైల్ల పెడుతరా?

ఇది అడిగే తల్లులు గేటు కాడ గూడ అడగరు, రాత్రి పది దాటినంక ఫోన్ చేసి మెల్లగ అడుగుతరు. అమ్మేటోడు వేరు, అలవాటు పడ్డోడు వేరు అని చట్టానికి గూడ తెలుసు. కొద్దిగ దొరికిన కేసుల గానీ తాగిన కేసుల గానీ ఉన్న పిల్లగాడు తానుగ వైద్యానికి ఒప్పుకొని ట్రీట్‌మెంట్ పూర్తి చేసుకుంటే ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తది. మధ్యల ఆపితే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. అమ్మేటోళ్ల సంగతి చెప్పాలంటే 1908 నంబర్ ఉంది, చెప్పినోళ్ల పేరు దాస్తరు. పిల్లగాడిని ముందు కొట్టకండి. ఎవరితోని తిరుగుతున్నడు, పైసలు ఎక్కడికెళ్లి వస్తున్నయి, కండ్లు, నిద్ర, తిండి ఎట్ల మారినయి ఓ వారం గమనించి, వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల గానీ వేరే కాడ గానీ మానసిక వైద్యుడి దగ్గరికి తీస్కపోండి. ఒక్కరే పోవడానికి మనసు ఒప్పకపోతే మీ కాలనీల నమ్మకమున్న మనిషిని ఎవరినన్న తోడు తీస్కపోండి, నన్ను అడిగినా వస్త.